గోల్స్ కొట్టని ఆటగాణ్ణి ఎలా తలుచుకోవాలి?

ప్రశ్న: నా వయసు 41. బడి రోజుల నుంచి ఫుట్‌బాల్‌లో ఒక డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ (మైదానం మధ్యలో ఉండి ఎదుటి జట్టు దాడుల్ని ఆపే ఆటగాడు) ఆటంటే నాకు ప్రాణం. పేరు రాయడం లేదు, రాస్తే మళ్లీ వాదనలు మొదలవుతాయి. ఆయన ఆట మానేసి పన్నెండేళ్లయింది. పోయిన నెల నిద్రలోనే పోయారు. 47 ఏళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆయన్ని నేను ఒక్కసారి కూడా కలవలేదు. అయినా మూడు వారాలుగా సరిగా నిద్ర లేదు, అర్ధరాత్రి దాకా ఫోన్‌లో ఆయన వీడియోలే. "నీకేమైనా చుట్టమా?" అని ఇంట్లో అడిగితే జవాబు చెప్పలేకపోతున్నాను. కెరీర్ మొత్తంలో ఆయన కొట్టిన గోల్స్ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకేనేమో పత్రికల్లో నాలుగు లైన్లతో సరిపెట్టేశారు. మా అభిమానుల గ్రూపులో ఒకరు తాగుడంటారు, ఒకరు మందులంటారు, ఒకరు తలకు తగిలిన దెబ్బలంటారు. వచ్చే నెల ఆయన పేరు మీద ఒక మ్యాచ్ ఆడి, కుటుంబానికి కొంత డబ్బు పోగుచేసి ఇద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. పదేళ్ల మా అమ్మాయి కూడా ఫుట్‌బాల్ ఆడుతుంది. ఇక మాన్పించమని ఇంట్లో ఒకటే పోరు. ఏం చేయమంటారు?
— ఒక అభిమాని

సమాధానం: చుట్టం కాడు, నిజమే. కానీ ఒక లెక్క చూడండి. సీజన్‌కు ముప్పై మ్యాచ్‌ల చొప్పున పదిహేను సీజన్లు మీరు ఆయన ఆట చూశారనుకుందాం. మ్యాచ్‌కు గంటన్నర. మొత్తం 675 గంటలు. అంతసేపు కళ్లార్పకుండా మీరు చూసిన చుట్టాలు ఎంతమంది ఉంటారు? ఆయనకు మీరెవరో తెలియకపోవచ్చు, మీకు మాత్రం ఆయన నడక, అలసట, కోపం అన్నీ తెలుసు. కాబట్టి ఇంట్లో అడిగితే "చుట్టం కాదు, నేను ఎక్కువసేపు గమనించిన మనిషి" అని చెప్పండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మీ ఉత్తరంలో ఇంకో విషయం కూడా ఉంది, మీరు దాన్ని విడిగా రాయలేదంతే. ఆయనకు 47, మీకు 41. చిన్నప్పటి హీరో పోతే మన వయసు మనకు గుర్తొస్తుంది. ఆ బాధలో కొంత భయం కూడా కలిసి ఉంటుంది. ఆ భయానికి మందు వీడియోల్లో దొరకదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. నలభై దాటాక ఎలాగూ చేయించుకోవాల్సిన పరీక్షలే. ముందు భయాన్ని ఇలా వేరుచేస్తే మిగిలినది దుఃఖమని తెలుస్తుంది, దాన్ని మోయడం కొంచెం తేలికవుతుంది.

ఇక నిద్ర. పడుకోబోయే ముందు గంటసేపు ఆయన వీడియోలు వద్దు. మానేయమని కాదు, వేళ మార్చమని. పగలు చూడండి, సాయంత్రం చూడండి. రాత్రి చూసే రెండు నిమిషాల ముక్కలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి, వాటికి ముగింపు ఉండదు. మూడు వారాలు ఎక్కువే. వేళ మార్చినా ఇంకో వారంలో నిద్ర దారిన పడకపోతే, లేదా పనికి వెళ్లబుద్ధి కాకపోతే, తిండి సయించకపోతే డాక్టర్ని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వారం ఆగొద్దు, అదే రోజు వెళ్లండి.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆయన ఆడిన ఒక్క పూర్తి మ్యాచ్ చూడండి. హైలైట్స్ కాదు. హైలైట్స్ కత్తిరించేవాళ్లకు కావలసింది గోల్స్, గోల్ మీదికి షాట్లు, కీపర్ ఆపిన బంతులు. డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ పని సరిగ్గా చేస్తే అవేవీ జరగవు! ఎదుటి జట్టు దాడి మొదలవకముందే ఆగిపోతే దాన్ని ఎవరు చూపిస్తారు? మీరు మూడు వారాలుగా చూస్తున్న ముక్కల్లో ఆయన దాదాపు లేరు. వెలితి తీరకపోవడానికి అదీ ఒక కారణం.

పూర్తి మ్యాచ్‌ను రెండు విడతల్లో, ఒక్కో సగం ఒక్కో రోజు చూడండి. కామెంటరీ శబ్దం తీసేయండి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి మీ మనిషి చాలాసేపు తెరమీద ఉండరు. ఆయన కనిపించేది గోల్ కిక్ తీసేటప్పుడు, త్రో-ఇన్‌కు ముందు, కార్నర్ తర్వాత బంతి బయటికి వచ్చినప్పుడు, ఎదురుదాడిలో కెమెరా వెనక్కి జరిగినప్పుడు. అక్కడ ఆపి చూడండి. బంతి అందే ముందు భుజం మీదుగా ఎన్నిసార్లు వెనక్కి చూశారు? తన జట్టు ఫుల్‌బ్యాక్ (మైదానం అంచున ఆడే డిఫెండర్) ముందుకు పరుగెత్తితే ఆ ఖాళీలోకి ఎన్ని అడుగులు జరిగారు? బంతి అందగానే ఎన్ని టచ్‌లలో వదిలేశారు? నిమిషం, స్కోరు, ఆయన చేసింది, దానివల్ల జరిగింది, అన్నీ ఒక్క లైనులో రాయండి. మొదటి పావుగంట ఎలాగూ చూస్తారు. 70వ నిమిషం తర్వాత కూడా అంతే శ్రద్ధగా చూడండి. మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో పది నుంచి పన్నెండు కిలోమీటర్ల దాకా కదులుతాడు. ఆ చివరి ఇరవై నిమిషాల్లో కాళ్లు చెప్పిన మాట వినవు, అప్పుడు మనిషి తెలివితోనే ఆడాలి. ఆయన గొప్పతనం ఎక్కడైనా ఉంటే అక్కడ ఉంటుంది.

రికార్డింగులు దొరకవన్న సమస్య ఉంది. 2003లో 41 ఏళ్లకే పోయిన కృశాను డే, 2020 అక్టోబర్‌లో 49 ఏళ్లకు పోయిన కార్ల్‌టన్ చాప్‌మన్ లాంటి భారత ఆటగాళ్ల ఆటను ఇవాళ పూర్తిగా చూద్దామంటే చాలా మ్యాచ్‌లకు వీడియోయే లేదు. అలాంటప్పుడు మర్నాటి పత్రికల్లోని మ్యాచ్ రిపోర్టు, లైనప్, మైదానానికి వెళ్లి చూసినవాళ్ల మాట, ఈ మూడూ కలిపి రాసిపెట్టుకోవాలి. చూసినవాళ్లనూ కాలం ఒక్కొక్కరినే తీసుకుపోతుంది, ఆలస్యం చేయొద్దు.

ఆ నోట్‌బుక్కే మీరు రాయబోయే నివాళికి ముడిసరుకు. నాలుగు లైన్లతో సరిపెట్టారని పత్రికల మీద మీకు కోపం, న్యాయమే. మీరు నాలుగు వందల మాటలు రాయండి, అంతకు మించొద్దు. పుట్టిన తేదీ, క్లబ్బులు, ట్రోఫీలు వరుసగా పేర్చిన నివాళిని ఎవరూ చివరిదాకా చదవరు. ఒక మ్యాచ్‌లో ఒక నిమిషంతో మొదలుపెట్టండి. అంకెలు వేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. అభిమానుల నివాళుల్లో తరచూ దొర్లే తప్పులు మూడు: స్నేహపూర్వక మ్యాచ్‌లను లీగ్ మ్యాచ్‌ల లెక్కలో కలపడం, జట్టులో ఎంపికైన సంఖ్యను నిజంగా ఆడిన సంఖ్యగా రాయడం, క్లబ్‌లో చేరిన ఏడాదిని మొదటి మ్యాచ్ ఆడిన ఏడాదిగా రాయడం. రెండుచోట్ల ఒకేలా కనిపించని అంకెను వదిలేయండి. ఆయన పిల్లలు రేపు చదివేది మీ రాతే కావచ్చు.

మీ గ్రూపులో నడుస్తున్న కారణాల చర్చను ఇవాళే ఆపించండి. నిద్రలో పోయిన మనిషి ఎందుకు పోయాడో పోస్ట్‌మార్టం లేకుండా డాక్టరే చెప్పలేడు. వేల్స్ కోచ్‌గా ఉండగా 2011 నవంబర్‌లో 42 ఏళ్లకు పోయిన గ్యారీ స్పీడ్ సంగతి చూడండి. ఆ మర్నాటికే లోకమంతా అది ఆత్మహత్యేనన్న నిర్ణయానికి వచ్చేసింది. రెండు నెలల తర్వాత విచారణ జరిపిన కరోనర్ (మరణ కారణాన్ని విచారించే అధికారి) మాత్రం, అది కావాలని చేసుకున్నదా ప్రమాదమా అనేది తేల్చడానికి సాక్ష్యం చాలదని రాశారు. అన్నీ చూసిన అధికారే చెప్పలేనన్న మాటను ఫోన్ పట్టుకుని మనం ఎలా చెబుతాం? గ్రూపులో ఒక్క వాక్యం పిన్ చేయండి: "కుటుంబం చెప్పేదాకా కారణం గురించి ఇక్కడ మాట్లాడం." అడ్మిన్లు ఇద్దరుంటే ఇద్దరూ అదే మాట మీద ఉండాలి. ఒకరు తీసేసిన పోస్టును ఇంకొకరు మళ్లీ పెట్టనిస్తే ఉన్న మర్యాద కూడా పోతుంది.

మాటవరసకు మామూలుగా తెలిసిన విషయం చెప్పాలంటే, 35 దాటిన క్రీడాకారుల్లో హఠాత్తుగా గుండె ఆగిపోవడానికి ఎక్కువగా కారణం గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం. అంతకన్నా చిన్నవాళ్లలో పుట్టుకతోనో వంశంలోనో వచ్చిన గుండె లోపాలు ముందుంటాయి. ఇది మీ ఆటగాడి గురించి కాదు, వచ్చే నెల మైదానంలో దిగబోయే మీ గురించి.

ఎందుకంటే స్మారక మ్యాచ్‌లలో జరిగే పెద్ద పొరపాటు ఇదే. పదేళ్లుగా బూట్లు కట్టని నలభై అయిదేళ్లవాళ్లు, గుండె నిండా ఆవేశంతో, తొంభై నిమిషాలు ఆడేద్దామని దిగుతారు. తొడ వెనక కండరం పట్టేస్తే కుంటుతూ ఇంటికి వెళ్లొచ్చు. గుండె పట్టేస్తే ఒకరి సంతాపానికి వచ్చి ఇంకో సంతాపం పెట్టాలి. ఏడుగురేసి చాలు, చిన్న మైదానం చాలు, సగానికి ఇరవై నిమిషాలు చాలు. మార్పులకు లెక్క పెట్టొద్దు, అలసినవాడు బయటికి రావాలి, ఇంకొకడు లోపలికి వెళ్లాలి. నెల టైముంది కాబట్టి ఇప్పటినుంచే వారానికి మూడు రోజులు అరగంట వేగంగా నడవడం, రెండో వారం నుంచి మధ్యమధ్య నెమ్మదిగా పరుగెత్తడం మొదలుపెట్టండి. ఛాతీలో నొప్పి, మెట్లెక్కితే ఆయాసం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు లైన్ దగ్గర జెండా ఇవ్వండి. ఆట రోజున పావుగంట వార్మప్ చేయందే ఎవరినీ దింపొద్దు.

కరెంటు షాక్‌తో గుండెను తిరిగి కొట్టించే ఏఈడీ యంత్రం ఉన్న మైదానమైతే మంచిది. దాని గది తాళం ఎవరి దగ్గరుందో ముందే కనుక్కోండి. యంత్రం ఉండి, తాళం దొరక్కపోతే అది ఉన్నా లేనట్టే. సీపీఆర్ (ఆగిన గుండెకు బదులు ఛాతీ నొక్కి రక్తం ఆడించడం) తెలిసినవాళ్లు కనీసం ఇద్దరుండాలి. మనిషి పడిపోయి, పిలిచినా పలకక, మామూలుగా శ్వాస తీసుకోకపోతే అంబులెన్స్‌కు ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. యంత్రం రాగానే అది చెప్పినట్టు చేయాలి. షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికి బతికే అవకాశం పది శాతం దాకా తగ్గిపోతుంది.

మౌనం పాటించడం తేలికనుకుంటారు గానీ ఎక్కువగా చెడేది అక్కడే. జనం ఇంకా లోపలికి వస్తుండగా మొదలుపెడతారు, మైకులో అయిదు నిమిషాలు మాట్లాడతారు, పదిహేను సెకన్లకే ఎవరో చప్పట్లు కొడతారు. కిక్ ఆఫ్‌కు మూడు నిమిషాల ముందు గేటు దగ్గర కదలిక ఆపండి. మైకులో ఆయన పేరు, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది, "ఒక నిమిషం మౌనం", అంతే చెప్పండి. రెండు జట్లూ మధ్య వృత్తం చుట్టూ నిలబడాలి. రెఫరీ విజిల్‌తో మొదలై, గడియారంలో 60 సెకన్లు నిండాక విజిల్‌తోనే ముగియాలి. గుంపు పెద్దది, అల్లరిది అయితే మౌనం నిలవదు. దానికి బదులు నిమిషంపాటు చప్పట్లు పెట్టుకోండి. ఏదో ఒకటే, రెండూ కలపొద్దు.

నల్ల బ్యాండ్ ఎవరి సంతాపానికైనా కడతారు. ఆయనకే చెందిన గుర్తు ఒకటి వెతకండి. 2011 డిసెంబర్ 4న బ్రెజిల్ మాజీ కెప్టెన్ సోక్రటీస్ 57 ఏళ్లకు పోయారు. అదే రోజు ఆయన పాత క్లబ్ కొరింథియన్స్‌కు లీగ్ టైటిల్ తేలే మ్యాచ్. ఆటగాళ్లు మధ్య వృత్తం దగ్గర నిలబడి కుడి పిడికిలి పైకెత్తారు. గోల్ కొట్టాక ఆయన చేసేది అదే. 1966లో ఇంగ్లండ్‌కు ప్రపంచకప్ అందుకున్న బాబీ మూర్ 1993 ఫిబ్రవరిలో పేగు క్యాన్సర్‌తో 51 ఏళ్లకు పోతే, ఆ తర్వాతి సొంతగడ్డ మ్యాచ్‌లో ఆయన పాత క్లబ్ వెస్ట్‌హామ్ జట్టులో ఎవరూ ఆయన 6వ నంబర్ చొక్కా వేసుకోలేదు. ఆ స్థానంలో ఆడిన ఇయాన్ బిషప్ 12 వేసుకుని దిగారు. మీరూ రెండు జట్లలోనూ ఆయన నంబర్ ఖాళీగా వదిలేయండి. పైసా ఖర్చు లేదు, చూసినవాళ్లు మరిచిపోరు.

డబ్బు దగ్గరికి వద్దాం. ముందు కుటుంబాన్ని అడగాలి. మీ గ్రూపు నుంచి ఒక్కరే, వాళ్లకు తెలిసిన పాత జట్టు సభ్యుడి ద్వారా అడగాలి. "వద్దు" అంటే వద్దనే, రెండోసారి అడగొద్దు. సాయం అవసరం లేని ఇంటి పేరు మీద చందాలు వసూలు చేస్తే అది వాళ్లకు అవమానం. సరేనంటే, కుటుంబమే నడిపే ఖాతాలోకి నేరుగా వెళ్లేలా చూడండి. అది కుదరకపోతే ఇద్దరి సంతకం లేనిదే డబ్బు తీయడానికి వీల్లేని ఉమ్మడి ఖాతా తెరవండి. ఒకరి సొంత ఖాతాలో వేయించడం ఎంత నిజాయితీపరుడికైనా చిక్కే. అతని జీతం, మీ చందా కలిసిపోయాక విడదీసి చూపించడం కష్టం. క్యూఆర్ కోడ్ ఒక్కటే ఉండాలి, అది కుటుంబమో పాత క్లబ్బో పెట్టిన పోస్టులో కూడా కనిపించాలి. లేకపోతే రెండు రోజుల్లో నకిలీది తయారవుతుంది. ప్రతి ఆదివారం వచ్చిన మొత్తం ప్రకటించండి. ముగింపు తేదీ ముందే చెప్పండి. మైదానం అద్దె, బంతులు, నీళ్లు, వీటి ఖర్చు చందాలోంచి తీయొద్దు, ఆడేవాళ్లు పంచుకోవాలి. ఆయన సంతకం ఉందని ఎవరైనా చొక్కా వేలానికి తెస్తే, ఎప్పుడు, ఎవరి చేత తీసుకున్నదో రుజువు లేకుండా పెట్టొద్దు.

కుటుంబం డబ్బు వద్దంటే ఇంకో దారి ఉంది. బాబీ మూర్ పోయిన ఏడాదే ఆయన భార్య స్టెఫానీ పేగు క్యాన్సర్ పరిశోధన కోసం ఆయన పేరున నిధి మొదలుపెట్టారు. కారణం కుటుంబమే బయటపెట్టినప్పుడు మాత్రమే అలాంటిది చేయాలి, అదీ వాళ్లు కోరితేనే.

మీ అమ్మాయిని మాన్పించొద్దు. తల దెబ్బల భయం ఊరికే పుట్టింది కాదు. స్కాట్లండ్‌లో 7,676 మంది మాజీ వృత్తి ఆటగాళ్ల రికార్డులు పరిశీలించి 2019లో గ్లాస్గో పరిశోధకులు తేల్చినదాని ప్రకారం, మతిమరుపు లాంటి మెదడు క్షీణత జబ్బులతో పోయే అవకాశం మామూలు జనం కన్నా వాళ్లలో మూడున్నర రెట్లు ఎక్కువ. కానీ అదే పరిశోధనలో గుండె జబ్బుతో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయినవాళ్లు తక్కువ, మొత్తంమీద ఆయుష్షు మూడేళ్లకు పైగా ఎక్కువ. ఫుట్‌బాల్ ఆడితే త్వరగా పోతారన్న మాట అందులో ఎక్కడా లేదు. అదే బృందం 2021లో స్థానాల వారీగా చూస్తే ఆ ముప్పు డిఫెండర్లలో అన్నిటికన్నా ఎక్కువగా, గోల్‌కీపర్లలో మామూలు జనంతో సమానంగా కనిపించింది. అంటే అనుమానం ఆట మీద కన్నా తలతో బంతిని కొట్టడం (హెడింగ్) మీద. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రైమరీ వయసు పిల్లలకు శిక్షణలో హెడింగ్ వద్దని మార్గదర్శకాలున్నాయి. అమెరికాలో 2015 నుంచే పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకు హెడింగ్ లేదు. కోచ్‌ను మూడు విషయాలు అడగండి: ప్రాక్టీసులో హెడింగ్ చేయిస్తున్నారా, వయసుకు తగిన సైజు 4 బంతి వాడుతున్నారా, తలకు దెబ్బ తగిలిన పిల్లను ఆ రోజు మళ్లీ ఆడిస్తారా. మూడోదానికి "చూసి ఆడిస్తాం" అన్నారంటే కోచ్‌ను మార్చండి, ఆటను కాదు.

చివరగా ఆ ఇద్దరు పిల్లలు. ఆయన ఆట మానేసి పన్నెండేళ్లన్నారు. చిన్నపిల్లలంటే నాన్న ఆడుతుండగా వాళ్లు చూసి ఉండరు, చూసినా గుర్తుండదు. ఆ ఇంట్లో ఫొటోలుంటాయి, పతకాలుంటాయి. మధ్యాహ్నం పూట ఎదుటి జట్టు పాస్‌ను ముందే పసిగట్టి రెండడుగులు పక్కకు జరిగిన నాన్న మాత్రం మీ దగ్గరే ఉన్నారు, మీ 675 గంటల్లో. అది వాళ్లకు అందించండి. దొరికిన పూర్తి మ్యాచ్‌లన్నీ ఒక హార్డ్‌డిస్క్‌లో వేయండి. ఫైలు పేర్లు ఏడాది, నెల, తేదీ, ఎదుటి జట్టు, ఈ వరుసలో పెడితే వాటంతటవే క్రమంలో కూర్చుంటాయి. మీ నోట్‌బుక్‌లోని లైన్లను మ్యాచ్‌కు ఒక పేజీగా టైపు చేసి, "34వ నిమిషం, 0-0, నాన్నగారు ఇక్కడ నిలబడ్డారు చూడండి" అన్నట్టు పక్కనే పెట్టండి. ఎవరికీ అర్థంకాని పదం వాడొద్దు, చదివేది పిల్లలు. ఒక కాపీ మీ దగ్గర, ఇంకొకటి గ్రూపులో వేరొకరి దగ్గర ఉంచండి, డిస్కులు పాడవుతాయి.

ఇప్పుడే పంపొద్దు. మొదటి నెల ఆ ఇంటి నిండా జనం, మూడో నెలకు ఎవరూ ఉండరు. అప్పుడు పంపండి. పైన ఒక చిన్న ఉత్తరం, నూట యాభై మాటలు. మీకు గుర్తున్న ఒక్క మ్యాచ్ గురించి రాయండి. ఎలా పోయారని అడగొద్దు, గుర్తుగా ఏదైనా ఇమ్మని అడగొద్దు, జవాబు రాయమనీ అడగొద్దు. "ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు చూడండి, చూడకపోయినా ఫర్వాలేదు" అని రాసి, చివర్లో మీ ఫోన్ నంబర్ వేయండి. డిస్క్ తెరుచుకోకపోతే అడగడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.